అందానికి ఇన్సూరెన్సు లేదు

ఉడుకునీళ్ళ తొట్టి మీదికి వంగిన మనిషి మళ్ళీ నడుం నిలబెట్టేది మధ్యాహ్నం బెల్లుకే. పుంగనూరు పట్టు ఫ్యాక్టరీలో తొట్ల వరసన కూర్చున్న ఆడవాళ్ళందరికీ అదే అలవాటు. నీళ్ళలో పట్టుగూళ్ళు ఉడుకుతుంటాయి. కుంచెతో మెల్లగా తట్టితే పోగుల కొసలు లేస్తాయి. ఆ కొసను వేళ్ళతో పట్టుకుని, పైన రాట్నానికి చుట్టుకుంటున్న దారంలో కలపాలి. ఒక గూడు అయిపోయేలోపు ఇంకో గూటి కొస దారంలో పడాలి, లేకపోతే దారం సన్నబడుతుంది. సన్నబడిన దారం మగ్గం మీద తెగుతుంది. తెగిన దారం ఏ తొట్టి నుంచి వచ్చిందో ఆ తొట్టి మనిషి మొహానికే తిరిగి వస్తుంది.

ఈ మధ్య అలా తిరిగి వస్తున్న దారమంతా ఆ వరసలో కూర్చునే అమరావతిది.

ఆమెకు పని రాక కాదు. ఆ వరసలో సగం మందికి కొస పట్టడం నేర్పింది ఆమే. ఇప్పుడు పొద్దున కూర్చున్న కాసేపటికే కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. వేళ్ళ మధ్య పోగు ఉందో లేదో కళ్ళతో చూస్తే గానీ తెలియడం లేదు. అమరావతి సన్నటి మనిషి. రెండో కాన్పు తరువాత పెరిగిన ఎద మాత్రం తగ్గడం మరిచిపోయింది. పిల్లవాడు పాలు మాని, బడికి పోయి, ఎక్కాలు కూడా నేర్చాడు. అది పెరుగుతూనే ఉంది. వంగి కూర్చుంటే ఆ బరువంతా మెడకు వేలాడుతుంది. అందుకని ఎడమచేతిని తొట్టి అంచు మీద మడిచిపెట్టి, ఎదను దానికి ఆనించి, ఒంటిచేత్తో పని లాగుతోంది. ఆవిరికి, చెమటకు రొమ్ముల కింద చర్మం ఒరుసుకుని పుళ్ళు పడ్డాయి. భుజాల మీద రవికె కోసుకుపోతుంటే పాతగుడ్డ మడతలు దోపుకుంటోంది. ఈ సంగతి ఆమెకు, పక్క తొట్టి సఫియాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మొగుడికి తెలుసు గానీ అతను తెలియనట్టే ఉంటాడు. అదొక మర్యాద అనుకుంటాడు.

ఆ సోమవారం సూపర్‌వైజరు సుబ్రమణ్యం వచ్చి, చుట్టి తీసిన దారం చిలపను వేలికి తగిలించి చూశాడు. మంచివాడే. ఆమెతో మాట్లాడేటప్పుడు పైన తిరిగే రాట్నం వంక చూస్తూ మాట్లాడతాడు.

"అమరావతమ్మా, ఈ నెల పోనీ. వచ్చే నెలా ఇట్లే ఉంటే నేనేమీ చేయలేను. నిన్ను వేస్టు షెడ్డుకు రాయాల్సి వస్తుంది."

వేస్టు షెడ్డు అంటే తెగిన పోగులు ఏరే చోటు. అక్కడ అందరూ రోజుకూలీలే. పర్మినెంటు పేరు పోతుంది. ఆ పేరుతో పాటు ఇంటిల్లిపాదికీ ఉన్న ఇన్సూరెన్సు కూడా పోతుంది. అమరావతి తల ఊపి, మళ్ళీ నీళ్ళలోకి వంగింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆవిరి అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

సుబ్రమణ్యం పోయాక సఫియా తన తొట్టి నుంచి ఇటు ఒరిగింది. "అక్కా, మా చిన్నమ్మ కూతురు తిరపతి ఆసుపత్రిలో ఆయాగా ఉండాది కదా. ఈ బరువును కోసి తగ్గించే ఆపరేషను ఒకటి ఉండాదంట. నీకు ఇన్సూరెన్సు ఉండాది, దుడ్లు గూడా పెట్టే పన్లేదు. మదనపల్లెలో ఇన్సూరెన్సు డాక్టరు ఒక మాట రాస్తే సాలు."

"ఆయనకు సెప్పల్ల కదా."

"సెప్పు. నోరుండాది కదా."

"నోరుండాదిలే," అంది అమరావతి. "అందులో ఆ మాటే లేదు."

సఫియా నవ్వి, అమరావతి తొట్టిలో అయిపోవస్తున్న గూటికి తానే ఒక కొస అందించింది. ఆ పూటంతా తన తొట్టి చూసుకుంటూనే అమరావతి తొట్టి మీద కూడా ఒక కన్నేసి ఉంచింది. ఇద్దరి పని ఒక మనిషి చేయడం ఎంత కష్టమో అమరావతికి తెలుసు. ఆ రోజు దారంలో వంక పెట్టడానికి సుబ్రమణ్యానికి ఏమీ దొరకలేదు.

*

హనుమంతుది ట్రాక్టర్లకు, ఎద్దుబండ్లకు టైర్లు బిగించే పని. మనిషి భారీగా ఉంటాడు. సంతలో ఎద్దుల బేరానికి నిలబడ్డాడంటే ఆ గొంతు నాలుగు వీధులకు వినబడుతుంది. పెళ్ళాం మంగళవారం పని ఎగ్గొట్టి మదనపల్లెకు పోదాం రా అంటే, ఎందుకని కూడా అడగకుండా షాపు తలుపు వేసి బయలుదేరాడు. బస్సులో ఆమె అతని చెవిలో సంగతి చెప్పింది. హనుమంతు బయట వేరుశెనగ చేలను చూస్తూ, "సరేలే, నేను సెప్తా డాక్టరుకు. నువ్వు ఊరికే కూసో," అన్నాడు.

అక్కడికి చేరేసరికే డాక్టరు గది ముందు బెంచీలు నిండిపోయి ఉన్నాయి. మిల్లుల వాళ్ళు, బస్సు డిపో వాళ్ళు, దగ్గే ముసలివాళ్ళు. వీళ్ళ వంతు వచ్చేసరికి డాక్టరు అలసిపోయి ఉన్నాడు. గది తలుపు తెరిచే ఉంది. తరువాతి నలుగురు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఏమ్మా, ఏం బాధ?"

అమరావతి తన కాలి మట్టెల వంక చూసింది. డాక్టరు హనుమంతు వంక చూశాడు. హనుమంతు గోడకున్న చిన్న కుటుంబం బొమ్మను చూశాడు.

"అంటే సార్... ఈమెకు... ఈ పైభాగం... సూసేదానికి బాగలేదు సార్. రవంత తగ్గిస్తే..."

"చూసేదానికా?"

"ఔను సార్. సూసేదానికే."

ఆ మాట నోట్లోంచి పడ్డాక హనుమంతు మొహానికి చెమట పట్టింది. కానీ ఆ నలుగురి ముందు తన పెళ్ళాం రొమ్ముల పుళ్ళ గురించి చెప్పడం కంటే అదే నయమనిపించింది అతనికి. అందం, ఆకారం అనేవి నలుగురిలో అనగలిగిన మాటలు.

డాక్టరు కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నాడు. కోపం కూడా రాలేదు ఆయనకు. "అందం కోసం చేసే ఆపరేషన్లకు ఇన్సూరెన్సు లేదయ్యా. అట్లాంటివి సినిమావాళ్ళు మద్రాసులో సొంత డబ్బు పెట్టి చేయించుకుంటారు." కాగితం మీద ఏదో రాసి, చివరగా ఆమెను అడిగాడు. "ఇంకేమన్నా బాధ ఉందామ్మా?"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మెడ నుంచి వేళ్ళ దాకా నొప్పి గుంజుతూనే ఉంది. పుండు మీద రవికె అతుక్కుని మండుతూనే ఉంది. గుమ్మంలో నలుగురు మగవాళ్ళు చూస్తున్నారు.

"లేదు సార్," అంది అమరావతి.

బయట మందులిచ్చే కిటికీ దగ్గర నర్సు శారదమ్మ కాగితం చూసి, మనిషిని చూసి, మళ్ళీ కాగితం చూసింది. కిటికీలోంచి వంగి మెల్లగా అంది. "ఇది నచ్చకపోతే పైన ఇంకో పెద్ద డాక్టరు ఉన్నాడు. శుక్రవారం కుప్పం ఫ్యాక్టరీకి వస్తాడు. ఇట్లాంటి తగువులన్నీ తేల్చేది ఆయనే. పోండి. పోయి ఆడన్నా నోరు తెరవండి." ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అంత మాట చెప్పినందుకు అమరావతికి ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. కిటికీకి కమ్మీలు ఉన్నాయి.

తిరుగు బస్సులో అమరావతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"అందం కావల్లని నేనెప్పుడన్నా అడిగితినా నిన్ను?" అంది చివరికి.

హనుమంతు బస్సు ఆగిన చోట దిగి ఉడికించిన చెనక్కాయలు కొని, పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు. ఒలిచి పెట్టమని ఆమె అడగలేదు. తానే ఒలిచి, ఒక్కొక్క గింజా ఆమె అరచేతిలో పెడుతూ పోయాడు. కోపం పోలేదు గానీ, ఆమె తింది.

*

బుధవారం మధ్యాహ్నం సిద్ధమ్మ కురబలకోట నుంచి దిగింది. హనుమంతు తల్లి. పుట్టినప్పటి నుంచి గొర్రెల వెంట నడిచిన మనిషి, ఎండిన కట్టెలాగా ఉంటుంది. ఆమె పుట్టి బుద్ధెరిగి రవికె తొడగలేదు. చీర కొంగును ఒంటి చుట్టూ బిగించి, భుజం మీద ముడేసుకుంటుంది. తొడుక్కోరాదా అని ఎవరన్నా అంటే, గొర్రెలు నన్ను గుర్తు పట్టవు అంటుంది.

వచ్చిందంటే ఇంట్లో అందరికీ తలంటు తప్పదు. మొదట మనవళ్ళు, తరువాత కొడుకు. చివర కోడలి వంతు వచ్చింది.

"నాకొద్దత్తా. తలనొప్పిగా ఉండాది."

"తలనొప్పికే కదమ్మే నూనె. రా."

అమరావతికి భయం వేసింది. అత్తకు ఈ సంగతి తెలియనివ్వకూడదని ఇన్నాళ్ళూ దాచింది. దేవుడిచ్చిన ఒళ్ళు కోయించుకుంటావా అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కానీ సిద్ధమ్మ చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం పొట్టేలుకు కూడా సాధ్యం కాదు. పెరట్లో తడిక చాటున పీట వేసి కూర్చోబెట్టి, మాడున నూనె పెట్టి రుద్దింది. మెడ మీదికి వచ్చింది. చెయ్యి భుజం మీద ఆగిపోయింది.

భుజం మీద ఒక వేలు పట్టేంత గుంత ఉంది. రెండో భుజం చూసింది. అక్కడా అంతే. సిద్ధమ్మ ముందుకు వచ్చి, గొంతుక్కూర్చుని, ఏమీ అడగకుండా కోడలి రొమ్మును అరచేత్తో పైకెత్తి కింద చూసింది. అక్కడ ఎర్రగా ఒలిచినట్టున్న చర్మం, పాత మచ్చల మీద కొత్త పుండు. కుంకుడు పులుసు గిన్నె పక్కకు జరిపింది.

"ఎన్నాళ్ళుగా?"

అమరావతి చెప్పింది. తొట్టి, దారం, మొద్దుబారిన వేళ్ళు, వేస్టు షెడ్డు, మదనపల్లె డాక్టరు, అందానికి ఇన్సూరెన్సు లేకపోవడం, అన్నీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. తిట్టు కోసం కాచుకుని కూర్చుంది.

సిద్ధమ్మ పుండు మీదికి జారబోయిన నూనెను కొంగుతో ఒత్తింది. తరువాత అంది. "పొదుగు బరువైన గొర్రెను మేము మందతో తోలం మే. దొడ్లోనే ఆకు ఏసి మేపుతాం. నిన్ను మాత్రం దినామూ ఆ నీళ్ళ మీదికి ఒంచి కూసోబెడితిమి. సూడు ఎట్లాంటోళ్ళమో." ఆమె లేచి, తడిక మీదుగా గట్టిగా కేకేసింది. "రేయ్ హనుమంతా!"

"ఏమ్మా?" వాకిట్లో తల తుడుచుకుంటున్న హనుమంతు పలికాడు.

"డాక్టరుకు ఏమని సెప్పినావురా?"

హనుమంతు తువ్వాలును మొహం మీదికి లాక్కున్నాడు.

"సూసేదానికి బాగలేదని సెప్పితివా? ఎవురు సూస్తాండారురా నువ్వు దప్ప?"

పక్కింటి గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. హనుమంతు తువ్వాలు మొహం మీది నుంచి తీయలేదు.

"నా సన్ను తాగే కదరా ఇంత గొంతు తెచ్చుకుంటివి. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడు యాడి నుంచి వచ్చె?"

ఏడుస్తున్న అమరావతికి నవ్వు వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఊపిరి అందక దగ్గు వచ్చింది. సిద్ధమ్మ ఆమె వీపు నిమురుతూ, ఇక అసలు పని మొదలుపెట్టింది.

"ఏదీ, నేనే డాక్టరును అనుకో. నాకు సన్నులు నొస్తాండాయి సార్, బరువు మొయ్యలేకుండా ఉండాను అను."

"అత్తా..."

"అనమ్మే. నేనేం మొగోణ్ణి కాదు కదా."

అమరావతి నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చి, అక్కడ అడ్డం తిరిగింది. మళ్ళీ ప్రయత్నించింది. తన ఒంటిలోదే, తన బిడ్డలు తాగి పెరిగిందే, దాని పేరు తన నోట రాలేదు. సిద్ధమ్మ విసుక్కోలేదు. కుంకుడు పులుసు కలుపుతూ అంది. "పోనీలే. నేనొస్తా కుప్పానికి. నేనే సెప్తా ఆయప్పకు."

ఆ రాత్రి అమరావతి వెల్లకిలా పడుకుని, అత్త రాసిన పసుపు, కొబ్బరినూనె పుండు మీద చల్లగా తగులుతుంటే, ఇన్నేళ్ళు ఈ మనిషికి ఎందుకు భయపడ్డానా అనుకుంది. తన సొంత తల్లికి కూడా ఎప్పుడూ చూపించనిది ఈమె అడగకుండా చూసింది. మందు కూడా అడగకుండానే పెట్టింది.

గురువారం ఇంకో దిగులు పట్టుకుంది. కుప్పంలో ఆఫీసర్లు ఉంటారు, ఫ్యాక్టరీ జనం ఉంటారు. అత్త ఒట్టి చీర కొంగుతో వాళ్ళ మధ్యకు వస్తే ఏమనుకుంటారో. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. నోటితో అనలేదు. సిద్ధమ్మ సాయంత్రం సంగటి తిని చెయ్యి కడుక్కుని, "నీ రవికె ఒకటి తియ్యి మే," అంది.

తొడుక్కుంది. అది ఆమె ఒంటి మీద గోనెసంచి మాదిరి వేలాడింది. సిద్ధమ్మ దాని ముందువైపు గుడ్డను రెండు చేతులా పట్టి సాగదీసి చూసింది.

"ఇందులో నేనూ, ఒక ఈనిన గొర్రె, దాని రెండు పిల్లలూ పడతాం."

పిల్లలు పడి పడి నవ్వారు. హనుమంతు కూడా, మొన్నటి నుంచి మొదటిసారి, పెళ్ళాం మొహంలోకి చూసి నవ్వాడు. అమరావతి సూదీ దారం తీసుకుని అత్త తొడుక్కున్న రవికె పక్కల్లో కుట్లు వేసి బిగించింది. ఊపిరాడని దాన్ని తన పరువు కోసం ఈ ముసలామె ఒంటి మీద వేసుకుంటోందని తెలిసి, ఆ కుట్లు వేస్తున్నంతసేపూ తలెత్తలేకపోయింది.

*

కుప్పం ఫ్యాక్టరీలో పెద్ద డాక్టరు కూర్చునే గదికి తలుపు లేదు, పచ్చ తెర ఒకటే ఉంది. వరండాలో ఆడవాళ్ళు గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. ప్యూను వచ్చి ఒక్కొక్కరినీ జబ్బేమిటని అడిగి కాగితంలో రాసుకుంటున్నాడు. "కడుపునొప్పి." "తలనొప్పి." "కడుపునొప్పే నాకూ." తమిళం కలిసిన తెలుగులో అందరూ అవే రెండు నొప్పులు చెబుతున్నారు. సిద్ధమ్మ రవికె మెడ దగ్గర వేలు పెట్టి లాగుకుంటూ, "ఈ ఊర్లో నీళ్ళు బాగలేవేమో, అందరికీ కడుపే," అంది.

వాళ్ళ వంతు వచ్చింది. డాక్టరు తల నెరిసిన మనిషి, మాట పొడి పొడిగా ఉంది. ఆయన ముందు మదనపల్లె కాగితం ఉంది. పక్కన ఒక ముసలి ఆయా నిలబడి ఉంది.

"అందం కోసం ఆపరేషన్ అడిగారని రాశారు. అవునా?"

"ఎవురప్పా సెప్పింది?" సిద్ధమ్మ ముందుకు వచ్చింది. "అందమూ లేదు, సందమూ లేదు. నా కోడలికి సన్నులు—"

డాక్టరు చెయ్యి ఎత్తాడు. "ఆగండమ్మా. తొట్టి ముందు కూర్చునేది మీరా, ఆమెనా?"

"ఆమే."

"అయితే ఆమే చెప్పాలి. మీరు చెప్పింది నేను రాసుకుంటే, రేపు తిరుపతిలో ఇంకో డాక్టరు అడుగుతాడు. అక్కడికీ మీరే పోవాలి. కోసే బల్ల దాకా మీరే పోవాలి. మీరిద్దరూ బయట కూర్చోండి."

సిద్ధమ్మ ఏదో అనబోయి, మానుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి పోయింది. తెర మళ్ళీ పడింది. రెండు రోజులుగా అమరావతికి ఉన్న ధైర్యమంతా ఆ తెర అవతలికి పోయింది.

ఫ్యాను తిరుగుతోంది. డాక్టరు తొందరపెట్టలేదు. ఆమె మట్టెల వంక చూసింది.

"చూడమ్మా," అన్నాడు ఆయన. "ఇన్సూరెన్సు అందానికి ఇవ్వదు, బాధకు ఇస్తుంది. కత్తి ఒకటే, కుట్లూ అవే. ఏది బాధో నేను కూర్చున్న చోటు నుంచి కనిపెట్టలేను. నువ్వు చెబితే చూస్తాను. చెప్పకపోతే మదనపల్లె ఆయన రాసిందే నేనూ రాసి పంపాలి."

ఆయన కలం మూత తీశాడు. ఆ కలం కాగితం మీదికి దిగితే ఇక వేస్టు షెడ్డే. బయట అత్త దగ్గు వినబడింది. ఊపిరాడని ఆ రవికెలో ఆమె ఎలా కూర్చుందో.

"చెయ్యి మొద్దుబారతాది సార్," అంది అమరావతి.

"ఎప్పుడు?"

"వంగితే."

"వంగితే చెయ్యి ఎందుకు మొద్దుబారుతుంది?"

"బరువు సార్."

"దేని బరువు?"

ఆయన కావాలనే అడుగుతున్నాడని ఆమెకు అర్థమైంది. తల ఎత్తింది. "రొమ్ముల బరువు సార్. నా రొమ్ముల బరువు నేను మొయ్యలేకుండా ఉండాను."

ఒక్క కొస దొరికితే గూడంతా విడినట్టు, ఆ తరువాత మాటలు ఆగలేదు. మెడ చెప్పింది, వీపు చెప్పింది. పుళ్ళు చెప్పింది, వాటి వాసనకు తానే పక్కకు తిరిగి పడుకునే రాత్రుల గురించి చెప్పింది. ఎడమచేతిని తొట్టికి ఆనించి బరువు దాని మీద పెట్టే తీరును, ఆయన బల్ల అంచు మీదికి వంగి చేసి చూపించింది. గొంతు తనకే కొత్తగా వినబడింది. అది చిన్నగొంతు కాదు.

ఆయా ఆమెను పక్కనున్న తెర వెనక్కి తీసుకుపోయి రవికె విప్పించింది. భుజాల మీది గుడ్డ మడతలు తీసి, "అయ్యో తల్లీ, ఇంత దాచిపెట్టుకుని ఎట్ల తిరగతాండావు?" అని తన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. డాక్టరు వచ్చి భుజాల గుంతలు చూశాడు, మెడ నొక్కాడు, వేలి కొసల మీద సూదితో తాకి తెలుస్తోందా అని అడిగాడు. రెండు వేళ్ళలో ఆమెకు తెలియలేదు. తన బిడ్డను చూసినంత మర్యాదగా చూశాడు. అమరావతికి సిగ్గు వేయలేదు. అంత భయపడిన సిగ్గు ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు.

ఆయన రాయడం ముగించి, బయటి వాళ్ళను పిలిచాడు. "ఇది అందం కాదు, వైద్యం. ఖర్చంతా ఇన్సూరెన్సుదే. వచ్చే వారం తిరుపతికి పోండి. ఆపరేషన్ అయి మానేదాకా జీతంలో కొంత సెలవు భత్యంగా వస్తుంది. పర్మినెంటు పేరు ఎవరూ తీయడానికి లేదని మీ ఫ్యాక్టరీకి కూడా రాస్తున్నాను."

హనుమంతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మదనపల్లె సారుది తప్పు లేదు సార్. సూసేదానికి బాగలేదని నేనే అంటి. ఆమె అనలా."

"తెలుస్తూనే ఉందిలేవయ్యా," అన్నాడు డాక్టరు.

సిద్ధమ్మకు ఒక అనుమానం మిగిలింది. "అప్పా, నొప్పి పోయినాక, దాంతోపాటు రవంత అందమూ వచ్చిందనుకో. దాన్ని సర్కారుకు ఎనక్కి కట్టల్లనా?"

పొడిగా ఉండే ఆ మనిషి కలం పక్కన పెట్టి నవ్వాడు. ఆయా నవ్వింది. "ఆ లెక్క మేము అడగమమ్మా. అది మీరే ఉంచుకోండి."

అమరావతి ఆయనకు దండం పెట్టింది. సఫియాకు, కిటికీలో నర్సుకు, ఈ ఆయాకు, అందరికీ కలిపి ఒకటే దండం అయింది అది. అత్తకు పెట్టబోతే సిద్ధమ్మ ఆ చేతుల మీద ఒక్కటి వేసి, "నడుసు, బస్సు పోతాది," అంది.

తెర తీసుకుని బయటికి వచ్చేసరికి వరండాలో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆడవాళ్ళంతా ఆమె వైపే చూస్తున్నారు. పచ్చ తెర గుడ్డదేనని, లోపలి మాటలన్నీ వాళ్ళు విన్నారని అమరావతికి అప్పుడు తెలిసింది. చెవులు వేడెక్కాయి. తల దించుకుని మెట్ల వైపు రెండడుగులు వేసింది.

"అక్కా."

వరసలో మూడో మనిషి. అమరావతి కంటే చిన్నది. చంకలో పిల్ల నిద్రపోతోంది. ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

"నా పేరు గోవిందమ్మ. ఈ ఫ్యాక్టరీలోనే దారం తీస్తా." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను కడుపునొప్పి అని రాపించినా. కడుపు గాదక్కా. పోయినసారీ కడుపనే సెప్తి, అరిగేదానికి మాత్రలిచ్చి పంపిరి. నువ్వు... అట్ల ఎట్ల సెప్పితివక్కా?"

మెట్ల కింద నుంచి హనుమంతు పిలిచాడు. "ఇదో, పలమనేరు బస్సు స్టార్టు చేసినాడు."

"పోనీ," అంది అమరావతి. "ఇంగోటి వస్తాది."

ఆమె గోవిందమ్మ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. వరసలో వాళ్ళు కొంచెం కొంచెం జరిగి చోటిచ్చారు. నిద్రపోతున్న పిల్లను తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఏదీ, ముందు నాకు సెప్పు."

గోవిందమ్మ ఆమె చెవి దగ్గరికి వంగి చెప్పింది. అమరావతి మొత్తం విని, తల అడ్డంగా ఊపింది.

"అంత మెల్లగా సెప్తే ఆయప్పకు వినబడదు. ఇంగోసారి సెప్పు."

గోవిందమ్మ ఇంకోసారి చెప్పింది. ఈసారి వరసలో ఆఖరున కూర్చున్న ఆమె కూడా విని, ప్యూనును పిలిచి, తన పేరు పక్కన రాసిన తలనొప్పి కొట్టేయమంది.